చంటిబిడ్డతో థీమ్ పార్కుకు: ముందు పడక, తర్వాతే రైడ్లు

వేల్పూర్‌లో సెలవుల లెక్క పసుపు లెక్కను బట్టే సాగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం. కొమ్ము ఒకవైపు, మండ ఒకవైపు వేరుచేసి నిజామాబాద్ యార్డుకు చేర్చి, డబ్బు చేతికి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, బడులకు సెలవులిచ్చే రోజులు దగ్గరపడతాయి. ఇంకో లెక్క గల్ఫ్‌ది. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పనిచేసే తండ్రి సెలవు మీద వచ్చినప్పుడు ఉన్న నాలుగు వారాల్లోనే పిల్లలకు హైదరాబాద్ చూపించాలి. హైదరాబాద్ అంటే ఒకప్పుడు చార్మినార్, జూ పార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం. ఇప్పుడు నాలుగేళ్ల పిల్ల కూడా రామోజీ అంటుంది, వండర్‌లా అంటుంది.

ఈ ఊరికి ఇది కొత్త ముచ్చట. 2001 దాకా ఈ మండలంలో బడి ఈడు పిల్లలు చాలామంది పనుల్లో ఉండేవారు. ఆ ఏడాది జిల్లా యంత్రాంగం, ఊళ్లు కలిసి పట్టుబట్టి పిల్లలందరినీ బడిలో చేర్చాయి. బాలకార్మికులు లేని మండలంగా వేల్పూర్ పేరు దేశమంతా వినబడింది. అప్పుడు పలక పట్టిన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులు. బడి సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసుకుపోవాలి, అక్కడ ఎక్కడ ఉండాలి అని ఆలోచిస్తున్న మొదటి తరం వాళ్లదే.

ఇంట్లో చంటిబిడ్డ లేకపోతే ఇదంత పెద్ద ప్రశ్న కాదు. ఏదో ఒక లాడ్జి తీసుకుని, రాత్రికి నడుం వాల్చి, పొద్దున పార్కుకు పోవచ్చు. నాలుగేళ్ల పిల్లకు తోడు తొమ్మిది నెలల బిడ్డ ఉంటే మాత్రం సంగతి మారిపోతుంది. అప్పుడు వినబడే సలహాలు ఐదు రకాలు. ఒకటి, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావడం. రెండు, పార్కు లోపలి హోటల్‌లోనే దిగడం. మూడు, పార్కు దగ్గర్లో బయట రూము తీసుకోవడం. నాలుగు, నగరంలో చుట్టాలింట్లో ఉండడం. ఐదు, వంటగది ఉన్న ఫ్లాటు రోజువారీ అద్దెకు తీసుకోవడం. ఒక్కోదానికీ గట్టిగా వాదించేవాళ్లు ఉన్నారు. ధర, నక్షత్రాలు, ఈత కొలను, ఉచిత టిఫిన్ అంటూ వాళ్లు చూపించే కొలతలు కూడా రకరకాలు. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది: పార్కు చూసే రోజు మధ్యాహ్నం బిడ్డ ఎక్కడ నిద్రపోతుంది? దీనికి జవాబు దొరికితే మిగతా చాలా ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి.

దూరం తేల్చే సంగతి

వేల్పూర్ నుంచి ఆర్మూర్‌కు వచ్చి పెర్కిట్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే డిచ్‌పల్లి, ఇందల్వాయి, కామారెడ్డి, తూప్రాన్ మీదుగా మేడ్చల్ చేరతాం. మనం నగరంలోకి దిగేది ఉత్తరం నుంచి. రామోజీ ఫిల్మ్ సిటీ తూర్పున, విజయవాడ రోడ్డులో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. వండర్‌లా దక్షిణాన రావిర్యాల దగ్గర. నగరం పొలిమేర చేరాక కూడా 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డులో మంచి భాగమే చుట్టాలి. రెండూ వేల్పూర్ నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైనే. ఆగకుండా పోతే కారులో నాలుగు గంటలు పడుతుంది కానీ, చంటిబిడ్డ ఉన్న కారు ఆగకుండా పోదు. పాలకోసారి, డైపర్ మార్చడానికోసారి, పెద్ద పిల్లకు వాంతి వస్తే ఇంకోసారి ఆపాలి. ఐదు గంటలు అనుకోవడం నయం.

బస్సు మీద వెళ్లేవాళ్ల లెక్క వేరు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తల్లి, నాయనమ్మ, ఆడపిల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా పోవచ్చు. ఇది పెద్ద ఆదానే. అయితే ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకకపోతే బిడ్డను ఎత్తుకుని నిలబడాలి. సూపర్ లగ్జరీకి డబ్బు పెట్టినా సీటు మనదే అన్న భరోసా ఉంటుంది. జేబీఎస్‌లో దిగాక మెట్రోలో ఎంజీబీఎస్, అక్కడ మారి ఎల్బీ నగర్, ఆ తర్వాత సిటీ బస్సో ఆటోనో పట్టుకుంటే రామోజీ. సంచులు, బిడ్డ, పెద్ద పిల్ల చేయి పట్టుకుని ఇన్నిసార్లు ఎక్కి దిగడం మామూలు పని కాదు.

కాబట్టి మొదటి సలహా, పొద్దున పోయి రాత్రికి రావడం, ఇక్కడే వీగిపోతుంది. పది గంటలు రోడ్డు మీద, ఆరేడు గంటలు పార్కులో గడిపాక నాలుగేళ్ల పిల్లకు గుర్తుండేది కారు సీటే. ఆ రోజు బిడ్డకు మధ్యాహ్నం నిద్ర తల్లి భుజం మీదే. అద్దె కారుకు పోయేవాళ్లు ఇంకొకటి గమనించాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను సీటు బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టి కూర్చోబెట్టాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అద్దె కార్లలో పిల్లల సీటు దాదాపుగా ఉండదు. అర్ధరాత్రి, డ్రైవర్ అలసిపోయిన కారులో, ఒళ్లో బిడ్డను పెట్టుకుని కామారెడ్డి దాటే ప్రయాణాన్ని ఆదా కింద లెక్కవేయడం సరికాదు.

పార్కులో ఈ ఇద్దరికీ ఉన్నదెంత?

ఎన్ని రాత్రులు ఉండాలో తేల్చేముందు పార్కులో ఈ ఈడు పిల్లలు నిజంగా ఏం చేయగలరో చూసుకోవాలి. 2016లో మొదలైన హైదరాబాద్ వండర్‌లాలో టికెట్ వయసును బట్టి కాక ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. బాగా పెరుగుతున్న బిడ్డ రెండేళ్లకే 85 దాటుతుంది. నాలుగేళ్ల పిల్ల దాదాపు 102, 103 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే టికెట్ కొనక తప్పదు, కానీ పేరున్న పెద్ద రైడ్లు ఎక్కనివ్వరు. చిన్నపిల్లల రైడ్లు, లోతు లేని నీళ్ల కొలను, అంతే. నీళ్లలోకి దిగాలంటే నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలుండాలి. కాటన్ గౌనుతో దిగనివ్వరు. బిడ్డకు మామూలు డైపర్ నీళ్లలో ఉబ్బిపోతుంది, ఈత డైపర్ వేరే ఉంటుంది.

రామోజీ ఫిల్మ్ సిటీ తీరు వేరు. 1996లో చెరుకూరి రామోజీరావు కట్టించిన ఈ స్టూడియో 1,666 ఎకరాల్లో ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఇక్కడ పిల్లకు పనికొచ్చేవి ఎక్కువే. పిల్లల కోసం కట్టిన ఫండుస్తాన్, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట, సెట్ల మధ్య తిప్పే బస్సు. కష్టమల్లా విస్తీర్ణంతోనే. బస్సు ఎక్కడం, దిగడం, మళ్లీ క్యూ. తోపుడు బండిని ప్రతిసారీ మడవాలి, విప్పాలి. ఒళ్లో కట్టుకునే బేబీ క్యారియర్ ఇక్కడ బండికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండు చోట్లా తేలేది ఒకటే. నాలుగేళ్ల పిల్లకు హుషారు పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, మళ్లీ నాలుగు దాటాక. మధ్యలో ఎండ, ఆకలి, పేచీ. బిడ్డ కూడా ఆ వేళకే నిద్రకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఈ మూడున్నర గంటలు ఎక్కడ గడుస్తాయన్నదే రోజంతటినీ నిలబెడుతుంది లేదా పాడుచేస్తుంది. రూము రాత్రి కోసం తీసుకుంటున్నామని అందరూ అనుకుంటారు. చంటిబిడ్డ ఉన్న ఇంటికి రూము మధ్యాహ్నం కోసం కావాలి.

లోపలే దిగితే

పార్కు పక్కనే పడక అనే ఆలోచన థీమ్ పార్కులంత పాతది. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ 1955 జులైలో తెరిస్తే, అక్టోబర్‌లోనే దాని పక్కన డిస్నీలాండ్ హోటల్ వచ్చింది. అది అప్పట్లో డిస్నీది కాదు, జాక్ రాథర్ అనే వ్యాపారిది. పార్కు డబ్బు బయటి హోటళ్లకు పోతోందని గ్రహించిన డిస్నీ సంస్థ 1971లో ఫ్లోరిడాలో రెండో పార్కు తెరిచినప్పుడు హోటళ్లను కూడా తానే కట్టుకుంది. మనదేశంలో బెంగళూరు వండర్‌లాకు బిడది దగ్గర సొంత రిసార్టు ఉంది. ముంబై, పుణె మధ్య ఖోపోలిలో ఇమాజికా పార్కును ఆనుకుని నోవోటెల్ ఉంది. భివండీ, ముంబై వైపు చుట్టాలున్న నిజామాబాద్ జిల్లా కుటుంబాలు కొన్ని అటు కూడా పోతుంటాయి. హైదరాబాద్ వండర్‌లాకు అలాంటి రిసార్టు లేదు. ఇక్కడ లోపలే ఉండాలంటే రామోజీయే.

రామోజీలో ఉండే చోట్లు స్థాయిని బట్టి ఉన్నాయి. పైన సితార, తర్వాత తార. వసుంధర విల్లా తోట మధ్య ఇల్లులాంటిది. శాంతినికేతన్ తక్కువ ధర వాళ్లకు, సహారా గుంపులుగా వచ్చేవాళ్లు కలిసి పడుకునే తరహాది. సినిమా యూనిట్లు వారాల తరబడి మకాం వేసే చోటు కూడా ఇదే కాబట్టి, ఈ గదులను పసిపిల్లలను మనసులో పెట్టుకుని కట్టారనుకోవడానికి లేదు. చంటిబిడ్డతో సహారా వద్దనే వద్దు. పదిమంది నిద్రపోయే గదిలో రాత్రి రెండింటికి బిడ్డ లేస్తే మనకూ ఇబ్బంది, వాళ్లకూ ఇబ్బంది. మిగతా నాలుగింటిలో ఏది తీసుకున్నా అడగాల్సిన సంగతి ఒకటుంది. గది నుంచి పార్కు లోపలికి, పార్కు నుంచి గదికి బస్సు ఎన్ని నిమిషాలకోసారి నడుస్తుంది, మధ్యాహ్నం గదికి వచ్చి మళ్లీ అదే టికెట్ మీద లోపలికి పోనిస్తారా? 1,666 ఎకరాల చోట 'లోపలే' అన్నంత మాత్రాన దగ్గరైనట్టు కాదు.

లోపల ఉండడంలో అసలు లాభం, ఇంటివాళ్లు రెండు జట్లుగా విడిపోవచ్చు. తండ్రి పెద్ద పిల్లతో ఫండుస్తాన్‌లో ఉంటే, తల్లో నాయనమ్మో బిడ్డతో గదికి వచ్చేస్తారు. ఎవరి కోసమూ ఎవరూ పార్కు బెంచీ మీద రెండు గంటలు కూర్చోనక్కర్లేదు. నష్టం ధర, తిండి. గది, ప్రవేశం, తిండి కలిపిన ప్యాకేజీలు ఉంటాయి. చంటిబిడ్డ తినని బఫేకూ, నాలుగేళ్ల పిల్ల ఎక్కని రైడుకూ అందులో డబ్బు కడుతున్నామేమో విడదీసి చూసుకోవాలి.

బయటి రూములు

వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట వరకు విజయవాడ రోడ్డు వెంట లాడ్జీలు, మధ్యతరగతి హోటళ్లు ఉన్నాయి. వండర్‌లాకు పోయేవాళ్లకు తుక్కుగూడ, శంషాబాద్ వైపు దొరుకుతాయి. గల్ఫ్ నుంచి వచ్చే తండ్రిని శంషాబాద్ విమానాశ్రయంలో దింపుకుని, అటు నుంచి అటే పార్కుకు పోవాలనుకునే కుటుంబాలకు ఇది కలిసొచ్చే చోటు. రాత్రి విమానం దిగి, ఊరికి పోయి, మళ్లీ రెండు రోజుల్లో ఇదే దారి పట్టడం తప్పుతుంది. రామోజీ, రావిర్యాల మధ్య అవుటర్ మీద పెద్ద దూరం కాదు కాబట్టి ఒకే రూము నుంచి రెండూ చూడాలనే ఆశ కూడా పుడుతుంది. చంటిబిడ్డతో ఒక విడతకు ఒక పార్కు చాలు.

బయటి రూముల్లో ధర తగ్గుతుంది, ఎంపిక పెరుగుతుంది. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి చెక్-ఇన్ వేళ. తెల్లవారుజామున వేల్పూర్‌లో బయలుదేరి పదికి చేరితే గది పన్నెండుకో రెండుకో ఇస్తారు. మరునాడు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయమంటారు. ఒక్క రాత్రికి రూము తీసుకున్న కుటుంబానికి పార్కు చూసే రోజున మధ్యాహ్నం నిద్రకు గది ఉండదు. ముందు రోజు సాయంత్రం చేరి, రెండు రాత్రులు తీసుకుంటేనే మధ్యలో ఒక రోజు పూర్తిగా మనదవుతుంది. అంత ఖర్చు వద్దనుకుంటే, చెక్-అవుట్ సాయంత్రం దాకా పొడిగించడానికి ఎంత అడుగుతారో ముందే మాట్లాడుకోవాలి. చాలా చోట్ల అది సగం రోజు అద్దెతో తేలిపోతుంది.

రెండో చిక్కు చప్పుడు. నగరం చుట్టూ ఈ రోడ్ల వెంట ఫంక్షన్ హాళ్లు వరసగా ఉంటాయి. పెళ్లిళ్ల ముహూర్తాలున్న రోజుల్లో బరాత్, డీజే అర్ధరాత్రి దాకా ఆగవు. మాఘంలోనూ వైశాఖంలోనూ రూము తీసుకునేవాళ్లు పంచాంగం చూసుకోవడం మూఢనమ్మకం కాదు, జాగ్రత్త. ముహూర్తం లేని రోజు పెట్టుకుంటే రూము ధర కూడా తగ్గవచ్చు. రోడ్డు వైపు గది కంటే వెనక వైపు గది అడగాలి.

చుట్టాలిల్లు, అద్దె ఫ్లాటు

వేల్పూర్ మండలంలో హైదరాబాద్‌లో ఎవరూ లేని ఇల్లు అరుదు. పిన్నమ్మ కొడుకు కూకట్‌పల్లిలో, మేనత్త అల్వాల్‌లో, లేదంటే బావమరిది నిజాంపేటలో ఉంటారు. ఊళ్లో చాలామంది ఎంచుకునేది ఇదే. ఖర్చు లేకపోవడం ఒకటైతే, బిడ్డకు అవసరమైనవన్నీ ఇంట్లో ఉండడం అంతకంటే పెద్ద లాభం. కుక్కర్‌లో మెత్తగా ఉడికిన పప్పన్నం, మరిగించిన నీళ్లు, బట్టలుతికే మిషన్, రాత్రి బిడ్డను ఎత్తుకుని తిప్పే ఇంకో రెండు చేతులు. హోటల్‌కు ఎన్ని నక్షత్రాలున్నా ఇవి ఇవ్వలేదు.

ఇబ్బంది దిక్కుల్లో ఉంది. మన చుట్టాలు చాలామంది ఉండేది నగరం ఉత్తర, పశ్చిమ భాగాల్లో. కూకట్‌పల్లి నుంచి రామోజీకి పొద్దున పూట ఒకటిన్నర గంట, సాయంత్రం అంతకంటే ఎక్కువ. మధ్యాహ్నం ఇంటికి వచ్చిపోవడం కుదరని పని. అందుకే చుట్టాలిల్లు పార్కు రోజుకు అక్కరకు రాదు. పార్కుకు ముందో తర్వాతో ఒక రాత్రి ఆగి, దూరాన్ని రెండు ముక్కలు చేసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. శనివారం మేనత్త ఇల్లు, ఆదివారం సాయంత్రానికి పార్కు దగ్గర రూము, సోమవారం పార్కు. జనం తక్కువ ఉండే రోజు కూడా అదే. పండుగ సెలవు పడకుండా చూసుకుంటే చాలు.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. రెండు గదుల ఇంట్లో నలుగురు దిగితే, వాళ్ల పిల్లల పరీక్షలు, వాళ్ల ఆఫీసు వేళలు ఉంటాయి. 'ఏం ఫర్వాలేదు, రండి' అనే మాటను నమ్మి వారం ఉండకూడదు.

వంటగది ఉన్న ఫ్లాటును రోజువారీ అద్దెకు ఇచ్చేవాళ్లు నగరంలో పెరిగారు. ఉగ్గు తినే బిడ్డ, తాత, నాయనమ్మ కలిసి వెళ్లే కుటుంబానికి రెండు హోటల్ రూముల కంటే ఇది నయం. అందరూ ఒకే తలుపు వెనక ఉంటారు, బిడ్డ ఒక గదిలో పడుకుంటే మిగతావాళ్లు హాల్లో దీపం వేసుకుని తినొచ్చు. ఒకే గది హోటల్‌లో బిడ్డ ఏడున్నరకు పడుకుంటే ఇంటిల్లిపాదీ ఏడున్నరకే చీకట్లో కూర్చోవాలి. అయితే ఇలాంటి ఫ్లాట్లు ఎక్కువగా గచ్చిబౌలి, కొండాపూర్ వైపే. పార్కు దగ్గర దొరికేవి తక్కువ. దొరికినా లిఫ్ట్, కరెంటు పోతే జనరేటర్, కాపలా ఉన్నాయో లేవో ఫొటోల్లో కనబడదు.

గదిలోకి అడుగుపెట్టాక

మన ఊళ్లో బిడ్డ నిద్ర తొట్టెలలో. దూలానికో కొక్కేనికో చీర కట్టి ఊపితే తప్ప కన్ను మూయని పిల్లలు ఉంటారు. హోటల్ గది సీలింగుకు కొక్కెం ఉండదు. నున్నటి ఫాల్స్ సీలింగ్, దాని మధ్యలో దీపం. మొదటి రాత్రి ఏడుపుకు సగం కారణం అదే. ఇనుప స్టాండు మీద స్ప్రింగుతో ఊగే తొట్టెల మడిచి కారు డిక్కీలో పెట్టుకుపోవచ్చు. బస్సులో పోయేవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లు బయలుదేరడానికి పది రోజుల ముందు నుంచే బిడ్డను రోజుకోసారి చదునైన పరుపు మీద నిద్రపుచ్చడం అలవాటు చేయాలి.

హోటల్ మంచం ఎత్తు. పక్కలకు ఆపు ఉండదు, కింద గట్టి టైల్స్. తొమ్మిది నెలల బిడ్డ దొర్లుతుంది, పాకుతుంది. దిండ్లు అడ్డం పెట్టడం అందరూ చేసేదే కానీ, పసిబిడ్డ ముఖం మెత్తటి దిండుకు అతుక్కుపోతే ఊపిరాడదు. బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లూ బొంతలూ లేకుండా పడుకోబెట్టాలని పిల్లల వైద్యులు చెబుతారు. హోటల్‌లో బేబీ కాట్ ఉంటే బుకింగ్ రోజునే అడిగి పెట్టించుకోవాలి. లేకపోతే పరుపును కిందికి దింపించి గోడకు దూరంగా వేయించడం ఉత్తమం. తల్లి కూడా కిందే పడుకుంటుంది, అంతే.

పాలపొడి తాగే బిడ్డకు కెటిల్ ముఖ్యం. పొడిని కలిపేటప్పుడు నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి మీద ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఎందుకంటే సూక్ష్మక్రిములు నీళ్లలోనే కాదు, పొడిలో కూడా ఉండవచ్చు. కలిపిన పాలను చల్లార్చి పట్టాలి. రెండు గంటల్లో తాగకపోతే పారబోయాలి. రూములో కెటిల్ మూత తీసి చూస్తే అడుగున తెల్లటి ఉప్పు పెచ్చు, ఒక్కోసారి మ్యాగీ వాసన. అందులో వేరే ఏమీ కాయలేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. చిన్న కెటిల్ ఒకటి ఇంటి నుంచే తీసుకుపోవడం సులువు. తల్లిపాలే తాగే ఆరు నెలల లోపు బిడ్డకు ఈ గొడవేదీ లేదు. కానీ అంత చిన్న బిడ్డను జనంలోకి తీసుకుపోవడమే మంచిది కాదు. మీజిల్స్-రుబెల్లా టీకా వేసేదే తొమ్మిది నెలలు నిండాక. పిల్లలు గుంపుగా ఉండే చోటికి ఆ టీకా పడ్డాకే పోవడం నయం.

స్నానం సంగతి. మన దగ్గర బిడ్డకు నూనె మర్దన, శనగపిండిలో చిటికెడు పసుపు కలిపి నలుగు, ఆపైన సాంబ్రాణి ధూపం. హోటల్ తెల్ల దుప్పటి మీద వేల్పూర్ పసుపు పడితే ఉతికినా పోదు. మరకకు డబ్బు వసూలు చేసే హోటళ్లున్నాయి. సాంబ్రాణి పొగకు సీలింగులోని పొగ పసిగట్టే యంత్రం మోగుతుంది. రెండు రోజులు నలుగు మానేస్తే బిడ్డకు ఏమీ కాదు, నాయనమ్మను ఒప్పించడమే కాస్త కష్టం. పాత తువ్వాలు ఒకటి, ప్లాస్టిక్ షీటు ఒకటి పెట్టుకుపోతే నూనె మర్దన వరకు జరిపించవచ్చు. బాత్రూములో బకెట్, మగ్ ఉన్నాయా అనేది కూడా అడగదగ్గ ప్రశ్నే. షవర్ మాత్రమే ఉన్న చోట బిడ్డకు స్నానం చేయించలేం.

నాలుగేళ్ల పిల్ల వైపు నుంచి చూస్తే ప్రమాదాలు వేరు. బాల్కనీ గ్రిల్ సందులు, కిటికీ గొళ్లెం, చేతికందే ఎత్తులో ప్లగ్గు, లోపల నుంచి గడియ పడే బాత్రూము, గేటు లేని ఈత కొలను. గదిలోకి రాగానే మొదటి పది నిమిషాలు ఇవి చూసుకుని, నచ్చకపోతే అప్పుడే గది మార్చమనాలి. సామాను విప్పాక ఎవరూ అడగరు.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారు?

అమెరికాలో స్థిరపడ్డ పిల్లల దగ్గరకు పోయే మన తాతలు, నాయనమ్మలు ఓర్లాండో డిస్నీ చూసి వచ్చి చెప్పే సంగతుల్లో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. అక్కడ ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ ఉంటుంది. పాలిచ్చే గది, డైపర్ మార్చే బల్లలు, ఎత్తు కుర్చీలు. తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డతో బయట ఆగి, ఇంకొకరు రైడ్ ఎక్కి వచ్చాక, మొదటి మనిషి మళ్లీ పూర్తి క్యూలో నిలబడకుండా ఎక్కే ఏర్పాటు ఉంటుంది. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. దుబాయ్‌లో లెగోలాండ్ పార్కు రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలనే లెక్కలో పెట్టుకుని కట్టింది. దాని పక్కన 2022లో లెగోలాండ్ హోటల్ తెరిచారు. అక్కడ పనిచేసే మన వాళ్లు కుటుంబాన్ని విజిట్ వీసా మీద పిలిపించుకున్నప్పుడు ఇది చేరువలోని అవకాశం. అయితే వేసవిలో అక్కడి ఎండ మన నిజామాబాద్ ఎండనూ మించుతుంది.

ఈ పోలికతో మన పార్కులను తక్కువ చేయడం ఉద్దేశం కాదు. ఏం అడగాలో తెలుస్తుందనే. పాలిచ్చే గది ఎక్కడుంది, డైపర్ మార్చే చోటు మగవాళ్ల వైపు కూడా ఉందా, ప్రథమ చికిత్స ఎక్కడ అని టికెట్ కౌంటర్‌లో పదిమంది తల్లిదండ్రులు అడిగితే, వచ్చే ఏడాదికి బోర్డు కనబడుతుంది.

కాలం, పిల్ల ఈడు

పసుపు డబ్బు వచ్చాక మేలో పోదామనుకోవడం సహజం. చంటిబిడ్డ ఉన్న ఏడాది మాత్రం ఆ లెక్క మార్చుకోవాలి. బతుకమ్మ, దసరా సెలవులకు ఎండ తగ్గి ఉంటుంది, జనం మాత్రం ఎక్కువ. సంక్రాంతికి ముందు, జనవరి మొదట్లో వాతావరణం బాగుంటుంది, కానీ అప్పటికే కొన్ని చేలల్లో తవ్వకం మొదలవుతుంది. వరి, మక్క కోతలు అయిపోయి, పసుపు ఇంకా భూమిలోనే ఉన్న నవంబర్ చివర, డిసెంబర్ మొదటి పక్షం ఈ ఊరి రైతు ఇంటికి అన్నివిధాలా అనుకూలం. నాలుగేళ్ల పిల్ల ఎల్‌కేజీలో రెండు రోజులు మానేస్తే పోయేదేమీ లేదు. మేలో తప్పదంటే ఏసీ లేని గది తీసుకోకండి. జనరేటర్ ఏసీకి కూడా సరిపోతుందో లేదో అడిగి తీసుకోండి.

తేలింది

బిడ్డకు ఆరు నెలలు నిండకపోతే ఈ ఏడాది థీమ్ పార్కు మానేయండి. పోచంపాడు ప్రాజెక్టు, అలీసాగర్ ఇంటికి దగ్గర, సాయంత్రానికి తిరిగి రావచ్చు, పెద్ద పిల్లకు అదే పండుగ. తొమ్మిది నెలలు దాటి టీకా పడ్డ బిడ్డ, నాలుగైదేళ్ల పిల్ల ఉంటే రామోజీ ఎంచుకోండి. స్తోమత ఉంటే లోపల గది, రెండు రాత్రులు. లేకపోతే హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట మధ్య ఏసీ ఉన్న, వెనక వైపు గది. దానికీ రెండు రాత్రులే. వండర్‌లా కోసం పెద్ద పిల్ల మరో రెండు మూడేళ్లు పెరిగి, రైడ్లు ఎక్కే ఎత్తుకు వచ్చేదాకా ఆగండి. అప్పటికి చిన్నది కూడా పరుగెడుతుంది. తాత, నాయనమ్మ వెంట వస్తే రెండు చిన్న గదులకంటే తలుపు కలిసే గదులో, ఫ్లాటో చూడండి. చుట్టాలింటికి ఒక్క రాత్రే పోండి.

బుక్ చేసేముందు హోటల్‌కు ఒక్కసారి ఫోన్ చేయండి. చేతిలోని యాప్‌లో కనబడేది ఫొటో, ఫోన్‌లో దొరికేది జవాబు. బేబీ కాట్ ఉందా? పార్కుకు ఎన్ని నిమిషాలు, మధ్యాహ్నం వచ్చి పోవచ్చా? చెక్-అవుట్ పొడిగిస్తే ఎంత? వేడినీళ్లు ఏ వేళల్లో? బకెట్ ఉందా? ఆ రోజు అక్కడ పెళ్లి ఉందా? ఐదేళ్ల లోపు పిల్లలకు డబ్బు తీసుకుంటారా? ఉప్పు, కారం లేకుండా పప్పన్నం వండిస్తారా, సాయంత్రం ఆరున్నరకే ఇస్తారా? పిల్లలకు నీలి రంగు బాల ఆధార్ ఉంటే అది కూడా వెంట పెట్టుకోండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే మనిషి రాత్రి రెండింటికి వేడినీళ్లు తెచ్చివ్వడు.

గది ఖరారయ్యాకే పార్కు టికెట్ కొనండి. మంచి గది ఉంటే పార్కులో మూడు రైడ్లు తగ్గినా పిల్లలు నవ్వుతూనే ఇంటికొస్తారు. గది సరిగా కుదరనప్పుడు ముప్పై రైడ్లున్న పార్కు కూడా పదకొండు గంటలకే అయిపోతుంది.